కుంకుమ కింద సంతకం

మా కోర్టు గేటు ముందు రేకుల షెడ్డు కింద కూర్చునే టైపిస్టుల్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. పైగా చెప్పే అవకాశం ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తుంటాను. జంషెడ్‌పూర్‌లో తెలుగు ఇంట్లో పుట్టి, హిందీ టైపు నేర్చి, ఇరవై ఏళ్ళకు పైగా ఊళ్ళో జనం దావాలూ అఫిడవిట్లూ టైపు చేస్తూ బతుకుతున్నాను. మొదట్లో టకటకలాడే మిషను, తర్వాత కంప్యూటరు. ఇకమీదట కాగితాలన్నీ ఆన్‌లైన్‌లో దాఖలు చెయ్యాలని కబురు వచ్చినప్పుడు షెడ్డులో మగాళ్ళు సగం మంది తల పట్టుకుని కూర్చున్నారు. నేను మాత్రం ఒక స్కానరు కొని తెచ్చి, దుమ్ము పడకుండా అమ్మ పాత చీర ముక్క దాని మీద కప్పి, హిందీలో పెద్ద బోర్డు రాయించి, దాని కింద మహారాణిలా కూర్చున్నాను.

పని కూడా అలాగే చేసేదాన్ని. ఏ కాగితమైనా నలుపు తెలుపుల్లో స్కాన్ చేసేదాన్ని. అలా చేస్తే ఫైలు చిన్నదవుతుంది, కోర్టువారి వెబ్‌సైట్ కిక్కురుమనకుండా తీసుకుంటుంది. రంగుల్లో పెడితే ఫైలు బరువెక్కి మధ్యలో ఆగిపోతుంది, నాకేమో ఆగడమంటే ఒళ్ళు మంట. నా చేతి మీదుగా వెళ్ళిన ఫైలు ఒక్కటి కూడా వెనక్కి రాలేదని షెడ్డంతా వినబడేలా చెప్పేదాన్ని. పార్టీలు వస్తే కాగితాలు వాళ్ళ ముందు పరిచి, పెన్ను మొనతో "యహాఁ, యహాఁ, ఔర్ యహాఁ" అని సంతకం చోట్లు చూపించేదాన్ని. వాళ్ళు సంతకాలు పెట్టేవాళ్ళు. అందులో ఏం రాసి ఉందో అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా, "వకీలు గారు చూశారు, పెట్టండి" అనేదాన్ని. పది నిమిషాల్లో పని పూర్తి. దాన్నే నేను గొప్ప అనుకున్నాను.

మేముండేది బాగ్‌బేరాలో. రైల్వే క్వార్టర్ల వరస దాటాక సొంత స్థలాల్లో కట్టుకున్న ఇళ్ళు మొదలవుతాయి, అందులో మాది వెనకిల్లు. యార్డులో బోగీలు కలుపుతుంటే మా వంటింట్లో గ్లాసులు గలగలమంటాయి. నాన్న ఆ యార్డులోనే పనిచేశాడు. ఆగిన బండి వెంట నడుచుకుంటూ ప్రతి చక్రాన్నీ సుత్తితో కొట్టి, చప్పుడు విని, పగులుందో లేదో చెప్పడం ఆయన ఉద్యోగం. ముందింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. మాకు చుట్టమేమీ కాదు, ఒడిశా సరిహద్దు నుంచి వచ్చిన తెలుగాయన, బజారులో ఇనప సామాన్ల కొట్టు ఉండేది. మాటల్లో సగం ఒరియా దొర్లేది. నేను ఆయన్ని పెదనాన్న అనేదాన్ని. ఆయన తన స్థలంలో వెనక సగం నాన్నకు అమ్మాడు. రిజిస్ట్రీ అయింది, లడ్డూలు పంచుకున్నారు. వారం గడిచాక ఇద్దరికీ ఒకేసారి బుర్రలో వెలిగింది. రోడ్డేమో ముందింటి వైపు ఉంది, దస్తావేజులో దారి మాట రాయలేదు. దారి లేకుండా మేం ఇంట్లోకి ఎగిరి రావాలి.

పెదనాన్న ఒక స్టాంపు కాగితం తెప్పించి తన చేత్తో తెలుగులో రాసిచ్చాడు. తూర్పు పక్కన నాలుగడుగుల సందు వెనకింటివారి రాకపోకలకు వదిలాను, నేను గాని నా తర్వాత వచ్చేవారు గాని దీనికి అడ్డు చెప్పరాదు. కింద సంతకం, పక్కన ఇద్దరు సాక్షులు. ఇప్పుడు ఆ ముగ్గురూ లేరు. నాన్న కూడా లేడు. ఆ కాగితం రాసిన రోజు అక్కడున్నవాళ్ళలో మిగిలింది అమ్మ ఒక్కతే.

ఆ కాగితాన్ని అమ్మ దేవుడి పెట్టెలో దాచింది. ఏటా దసరా నాడు నాన్న సుత్తి, స్పేనరు, ఇంట్లో కత్తిపీటతో పాటు దాన్నీ అమ్మవారి ముందు పెట్టేది. మా వైపు పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టి దండం పెట్టుకుంటారు. ఇల్లు నిలబెట్టిన కాగితం పనిముట్టుకి ఏం తక్కువ అన్నది అమ్మ లెక్క. నాలుగు మూలలా పసుపు రాసి, బొట్టు మాత్రం సరిగ్గా సంతకం మీద పెట్టేది. మనిషి మాట ఇచ్చిన చోటు అదే కదా, దండం దానికే పెట్టాలి అనేది. అలా ఏటికొక బొట్టు. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఎప్పుడూ ఏమీ అనుకోలేదు.

పెదనాన్న పోయాక ఆయన పిల్లలు ముందిల్లు అమ్మేసి వెళ్ళిపోయారు. కొన్నాయన వచ్చిన నెలకే టేపు పట్టి కొలిచి, సందు కూడా తన స్థలంలోదే అన్నాడు. మాట వరకు అబద్ధం కాదు, స్థలం ఆయనదే, నడిచే హక్కు మాది. ఆ తేడా ఆయనకు ఎక్కలేదు. సందు మొదట్లో ఇటుకలు పేర్పించాడు. గోడకు పునాది తవ్వించడం మొదలెట్టాడు. మేం ఎలా వెళ్ళాలని అడిగితే, వెనక పెద్ద కాలవ ఉంది కదా, దాని గట్టు మీంచి వెళ్ళండి అన్నాడు. ఆ గట్టు మీద మేకలు కూడా ఆలోచించి నడుస్తాయి. అమ్మకు మోకాళ్ళు అరిగిపోయి చేతికర్ర పట్టుకుని నడుస్తోంది. ఆ గోడ లేస్తే అమ్మ ఇక ఇల్లు దాటి బయటకు రాలేదు. ఉన్న సంగతి అదే.

అమ్మ ఏడవలేదు. ఇటుకల వైపు చూసి ఒక్కటే అంది. "మీ నాయిన్ని ఈ సందులోంచే మోసుకెల్లేరు. నన్ను కాలవ గట్టు మీంచి మోత్తారేటి?"

ఆ మాట విన్న మర్నాడే అగ్రికోలో ఉండే మా వకీలు గారింటికి వెళ్ళి కూర్చున్నాను. ఆయన కాగితాలన్నీ నేనే టైపు చేస్తాను కనుక కాదనలేడు. దారి మూయకుండా ఆపమని అమ్మ పేరున దావా రాశారు. కాగితానికి హిందీ అనువాదం జతచేశాం. దాఖలు మాత్రం నేనే చేస్తానన్నాను. మా ఇంటి దావా ఇంకొకరి చేతిలో పెడతానా? అమ్మ దగ్గర కాగితం తీసుకుని షెడ్డుకు పట్టుకొచ్చి, స్కానరు మీద బోర్లించి, ఎప్పట్లాగే నలుపు తెలుపుల్లో పెట్టి మీట నొక్కాను. పది నిమిషాల్లో దావా నంబరు ఫోన్లోకి వచ్చింది. అసలు కాగితం భద్రంగా మన దగ్గరే ఉంచుకోవాలి, కోర్టు అడిగినప్పుడు చూపించాలి, అది నియమం. పట్టుకెళ్ళి అమ్మకిచ్చేశాను. స్కాన్ ఎలా వచ్చిందో తెరిచి చూడలేదు. నా పని నేనే తనిఖీ చేసుకోవడమేమిటి, నాకేమైనా అనుమానమా!

కొన్నాళ్ళకు అవతలివారి జవాబు వచ్చింది. అది కూడా ఆన్‌లైన్‌లోనే. షెడ్డులో కూర్చుని చదువుతూ రెండో పేజీని రెండుసార్లు చదివాను. వాది దాఖలు చేసిన కాగితంలో సంతకం ఉండవలసిన చోట ఒక నల్లని మచ్చ తప్ప ఏమీ లేదని, సంతకం లేదన్న నిజం దాచడానికే ఆ మచ్చ వేశారని రాశారు. గబగబా మా ఫైలు తెరిచాను. కాగితం మూలలు బూడిద రంగు, అక్షరాలు పర్వాలేదు. కింద పెదనాన్న సంతకం మీద మాత్రం అర్ధరూపాయంత నల్లటి ముద్ద. అమ్మ ఇన్ని దసరాలు పెట్టిన ఎర్ర కుంకుమ నా స్కానరు కళ్ళకు తారులా కనబడింది. దాని కింద ఏముందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. నాకు తల కొట్టేసినట్టయింది.

పక్క బల్ల టైపిస్టు నా భుజం మీంచి తొంగి చూశాడు. మంచివాడే, నా మొహం చూసి జాలిపడ్డాడు.

"దో మినట్ కా కామ్ హై, దీదీ. కంప్యూటర్లో ఆ మచ్చని కాస్త పలచన చేసి మళ్ళీ ఎక్కించెయ్. ఎవరికి తెలుస్తుంది?"

నాకూ తెలుసు ఎలా చెయ్యాలో. అబద్ధమెందుకు, ఆ బొమ్మను తెరిచి మచ్చ చుట్టూ గీత కూడా గీశాను. గీసి, ఇది చేస్తే అవతలివాడు రాసిన మాటే నిజమవుతుంది కదా అనిపించి చెయ్యి తీసేశాను. స్కానరు మీద చీర ముక్క కప్పేసి, స్టేషన్ వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. దారంతా తప్పు ఎవరి మీద వేద్దామా అని ఆలోచించాను. ఇల్లు చేరేసరికి మనిషి దొరికింది.

"సంతకం మీదే పెట్టాలా బొట్టు? కాగితమంతా ఖాళీగా ఉంది, అక్కడే దొరికిందా నీకు?" అని గుమ్మంలోంచే మొదలెట్టాను. అమ్మ బియ్యం ఏరుతోంది. నేను దేవుడి పెట్టె తీసి, కాగితం పరిచి, దూది తడిపి, ఆ కుంకుమ తుడిచెయ్యడానికి కూర్చున్నాను. అమ్మ సులువుగా లేవలేని మనిషి, కర్ర కూడా పట్టుకోకుండా వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"తుడవకు. ఎవుల్ని అడిగి తుడుత్తన్నావు?"

"తుడవకపోతే ఇల్లు పోతుంది. నువ్వు చేసిన పనికి..."

"నానేటి సేసేను? ఎర్రగున్నదాన్ని ఎర్రగే ఉంచేను. దాన్ని నల్లగ సేసింది నువ్వు గదే, గుంటా."

యాభై దాటినదాన్ని, అమ్మ ముందు దూది పట్టుకుని చిన్నపిల్లలా కూర్చున్నాను. అమ్మ కాగితాన్ని వెలుతురులోకి వంచి చూపించింది. కుంకుమ పొర కింద సిరా గీతలు, పెదనాన్న ఒంపులు తిప్పి పెట్టే అక్షరాలు, నీళ్ళ అడుగున గవ్వల్లా కనబడ్డాయి. నేను దూది పెట్టి ఉంటే కుంకుమతో పాటు సిరా కూడా పోయేది.

"ఇంకోటి సెప్తాను విను," అంది అమ్మ. "దీని మీద మొదటి బొట్టు నాను ఎట్టనేదు. సంతకం ఎట్టీసి, ఆ పెద్దాయనే నా సేతిలో బరిణి తీసుకోని, ఆయన సేత్తోనే ఎట్టేడు. ఇకమీదట ఇది మీ ఇంటి దేవుడి కాగితం అన్నాడు. అందుకే నాను అక్కడే ఎడతన్నాను. నన్ను తీసుకెల్లు, కోర్టులో నానే సెప్తాను."

ఇన్నేళ్ళలో ఈ సంగతి అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మా వకీలు గారు ముందు తిట్టారు, తర్వాత నవ్వారు. జరిగింది జరిగినట్టు నిజం చెప్పడమే దారి అన్నారు. ఒకసారి ఆన్‌లైన్‌లో దాఖలైన కాగితం పోదు, పాత స్కాన్ అక్కడే ఉంటుంది, దాని పక్కన రంగుల్లో తీసినది పెట్టి, ఎందుకు పెడుతున్నామో చెప్పుకోవాలి. అసలు కాగితం చూసే హక్కు అవతలివారికి ఉంది, చూపించే హక్కు మనకూ ఉంది అన్నారు. ఆ చెప్పుకోవడం నేనే చెయ్యాలి, స్కాన్ చేసిన చెయ్యి నాది కనుక. ఊరందరి అఫిడవిట్లు టైపు చేసిన నేను, నా తప్పు నేనే అఫిడవిట్‌గా టైపు చేసుకున్నాను. ఎర్రని కుంకుమను నలుపు తెలుపుల్లో స్కాన్ చేసితిని, సరిచూసుకోలేదు. ఆ వాక్యం కొట్టేటప్పుడు ఒక్కో అక్షరం పన్ను పీకినట్టు వచ్చింది. షెడ్డులో అందరూ వంతులేసుకుని చదివారు. ఆ రోజు నుంచి నా పేరు రంగుల దీదీ. ఇప్పటికీ అలాగే పిలుస్తారు, నేను కూడా పలుకుతాను.

అవతలి వకీలు అసలు కాగితాన్ని ఫోను లైటు వేసి, పక్కనుంచి, పై నుంచి, తిప్పి తిప్పి చూశాడు. సంతకం లేదన్న మాట మళ్ళీ ఎత్తలేదు గాని, అది ఎవరిదో ఎవరికి తెలుసు, కుంకుమ ఎప్పుడు ఎందుకు పూశారో ఎవరికి తెలుసు అని కొత్త పాట అందుకున్నాడు. ఇక అంతా అమ్మ వాంగ్మూలం మీదకొచ్చింది.

మా కోర్టు హాలు రెండో అంతస్తులో ఉంది. అమ్మ మోకాళ్ళ సంగతి రాసి అర్జీ పెడితే, కింద గదిలోంచి వీడియోలో చెప్పడానికి జడ్జి గారు అనుమతిచ్చారు. నన్ను ఆ గదిలో ఉండనివ్వలేదు. సాక్షికి పక్కనుంచి ఎవరూ అందించకూడదు. అమ్మ పక్కన కోర్టు ఉద్యోగి ఒకాయన, తెలుగు తెలిసిన దుబాసీ ఒకాయన కూర్చున్నారు. కెమెరా తిప్పి గదిలో ఇంకెవరూ లేరని చూపించారు. నేను పైన హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. గోడ మీద తెరలో అమ్మ మొహం ప్రత్యక్షమైంది. అంత పెద్దగా అమ్మను నేనెప్పుడూ చూడలేదు. తెల్లటి నేత చీర, చెవులకు నాన్న చేయించిన దిద్దులు. ఎటు దండం పెట్టాలో తెలియక కాసేపు వెతికి, కెమెరాకు దండం పెట్టింది.

హిందీ వచ్చా అని జడ్జి గారు అడిగారు. అమ్మ దుబాసీ వైపు తిరిగింది.

"వచ్చు బావూ. సబ్జీ కాడ హిందీలోనే బేరమాడతాను. నా ఇంటి మాట మాత్రం నా బాసలోనే సెప్తాను."

అవతలి వకీలు లేచాడు. "ఈ మరక మీరే వేశారా?" అని అడిగాడు.

"మరకేటి? అది బొట్టు."

"అక్కడ సంతకం లేదని దాచడానికే పూశారు కదా?"

"నేని సంతకానికి ఇన్ని దసరాలు బొట్టెట్టే పిచ్చిదానిలాగ కనబడతన్నానేటి బావూ?"

దుబాసీ కాస్త తడబడ్డాడు. ఉన్నదున్నట్టు చెప్పమన్నారు జడ్జి గారు. ఆయన చెప్పాడు. హాల్లో నవ్వులు. ఆ నవ్వుల మధ్యే అమ్మ ఆగకుండా పెద్దాయన బరిణె తీసుకుని తన చేత్తో మొదటి బొట్టు పెట్టిన సంగతి, దేవుడి కాగితమన్న మాట చెప్పుకుంటూ పోయింది. దుబాసీ హిందీలో అంటున్నాడు, స్టెనో టైపు చేస్తున్నాడు, పక్క తెర మీద అక్షరాలు పడుతున్నాయి. అవి నా కళ్ళ ముందే పడుతున్నాయి. నేను మాత్రం అమ్మ మొహం చూసి మురిసిపోతున్నాను.

చెప్పడం అయిపోయింది. పేజీలు కింద గదిలో ప్రింటయ్యాయి. ఉద్యోగి వాటిని అమ్మ ముందు పరిచి, పెన్ను మొనతో కింద చోటు చూపించాడు. "యహాఁ, మాఁజీ." అచ్చం నాలాగే.

అమ్మ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"ముందు సదవండి. నాను సెప్పిందే రాసేరో నేదో ఇనాల గదా."

భోజనాల వేళ దగ్గర పడింది. అవతలి వకీలు గడియారం చూసుకున్నాడు. హాల్లో తర్వాతి కేసులవాళ్ళు గొణిగారు. దాచుకోను, నాకు కూడా పెట్టెయ్యమ్మా, ఇప్పుడెందుకీ పేచీ అనిపించింది. జడ్జి గారు మాత్రం తల ఎత్తి, అది సాక్షి హక్కు, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించండి అన్నారు.

దుబాసీ ఒక్కో వాక్యమూ తెలుగులో చదివాడు. అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. చక్రాన్ని కొట్టి చెవి ఒగ్గి వినే నాన్న నాకు గుర్తొచ్చాడు. అంతా అయ్యాక అమ్మ కళ్ళు తెరిచింది.

"మొదటి బొట్టు పెద్దాయన ఎట్టిన మాట ఏదీ?"

దుబాసీ పేజీలు తిరగేశాడు. లేదు. నవ్వుల గోలలో ఆ వాక్యం జారిపోయింది. మా వకీలు గారు చూసుకోలేదు. తెర ముందు కూర్చున్న నేను, ఇరవై ఏళ్ళుగా టైపు కొడుతున్నదాన్ని, చూసుకోలేదు. కింద గదిలో, చదవడం సరిగా రాని అమ్మ చెవులతో పట్టుకుంది. జడ్జి గారు ఆ మాటను చేర్పించి, మళ్ళీ ప్రింటు తీయించి, మళ్ళీ చదివించారు. అప్పుడు అమ్మ పెన్ను తీసుకుంది. నాన్న నేర్పిన నాలుగు తెలుగు అక్షరాలు, ఒక్కొక్కటీ ఆగి ఆగి, ప్రతి పేజీ కిందా పెట్టింది. ఆ పెద్ద తెర మీద ఆ వంగిన తల చూస్తుంటే, ఈవిడ మా అమ్మ అని ఆ హాల్లో లేచి అరవాలనిపించింది. కోర్టు కనుక ఊరుకున్నాను. మెట్లు దిగాక మాత్రం ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాను, టీ కొట్టు అబ్బాయితో సహా.

మర్నాటి నుంచి షెడ్డులో నా పద్ధతి మారింది. నా ముందు కూర్చున్నవాళ్ళెవరైనా సరే, ప్రతి పేజీ చదివి వినిపించాకే సంతకం. హిందీవాళ్ళకు హిందీలో, మనవాళ్ళకు తెలుగులో. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు, కొందరు పక్క బల్లకు వెళ్ళిపోతారు. వెళ్తే వెళ్ళారు. ఒకసారి గోవింద్‌పూర్ నుంచి ఒకావిడను ఆమె మరుదులు తీసుకొచ్చారు. చదువుతుంటే, భర్త తాలూకు ఇంట్లో తన భాగం వదులుకుంటున్నట్టు మూడో పేజీలో ఉంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఏటన్నావు, మల్లీ అనమ్మా అంది. మళ్ళీ చదివాను. పెన్ను బల్ల మీద పెట్టేసి లేచి వెళ్ళిపోయింది. మరుదులు నన్ను నానా మాటలూ అన్నారు. నేను తక్కువ తిన్నానా, హిందీలోనూ తెలుగులోనూ రెండు భాషల్లోనూ తిప్పికొట్టాను.

తీర్పు రోజు అమ్మ రానంది. ఇంట్లోనే ఉంటాను, ఏదైతే అది నువ్వే వచ్చి సదివి సెప్పు అంది. మధ్యాహ్నానికి తీర్పు ఆన్‌లైన్‌లో పడింది. ప్రింటు తీసుకుని, చివరి పేజీ చూడాలని చేతులు జిలపుట్టినా చూడకుండా మడిచి సంచిలో పెట్టాను. అమ్మ కంటే ముందు నేను తెలుసుకోవడం న్యాయం కాదనిపించింది. ఆటోలో కూర్చున్నంతసేపూ సంచిని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నాను. దావా నడిచినన్నాళ్ళూ గోడ పని ఆగింది గాని, సందు మొదట్లో ఇటుకలు అలాగే ఉన్నాయి. ఒంటి అడుగు చోటులోంచి ఒదిగి లోపలికి వెళ్ళాను.

అమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. మొదటి పేజీ నుంచి మొదలెట్టాను. హిందీ చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఎవరు ఏమన్నారు, ఎవరు ఏ కాగితం పెట్టారు, నా అఫిడవిట్ సంగతి కూడా. అమ్మ ఊఁ కొడుతోంది. ఎనిమిదో పేజీలో ఆగిపోయాను.

"ఏటయింది? సదువు."

చదివాను. సంతకం చేసినవాడే దాని మీద మొదటి బొట్టు తన చేత్తో పెట్టినట్టు వాది చెప్పిన మాట సహజంగా ఉంది, అవతలి వకీలు ఎదురు ప్రశ్నల్లో ఆ మాట చెక్కుచెదరలేదు, కాబట్టి ఆ సంతకం ఆయనదేనని ఈ కోర్టు నమ్ముతోంది. తూర్పు సందులో వెనకింటివారి రాకపోకలకు ఎవరూ అడ్డు పెట్టరాదు. పేర్చిన ఇటుకలు తీసెయ్యాలి.

అమ్మ చాలాసేపు సందు చివర కనబడే రోడ్డు ముక్క వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా, "మల్లీ సదువు," అంది.

మళ్ళీ చదివాను. ఈసారి ఆగకుండా, పక్కిళ్ళకు వినబడేలా చదివాను.

అమ్మ లోపలికి వెళ్ళి బరిణె తెచ్చింది. నాకు అర్థమై నవ్వొచ్చింది. చివరి పేజీ తిప్పి, కళ్ళు చికిలించి, వేలు కుంకుమలో ముంచి వెతుకుతోంది.

"జడ్జి గారి సంతకమేదే?"

"డిజిటల్ సంతకమమ్మా. కంప్యూటర్లో ఉంటుంది, సిరాతో పెట్టరు."

"కనబడకుంటే బొట్టెక్కడ ఎట్టాల?"

అమ్మ ఎర్రటి వేలు పైకి పట్టుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత తీర్పు కాగితాలు పక్కన పెట్టి, నా కుడి చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, దసరా నాడు నాన్న సుత్తికి పెట్టినట్టు చేతి వెనక నిండుగా బొట్టు పెట్టింది.

"ఇదైనా నీ మిషన్లో ఎర్రగ కనబడతాదేటి?"

"కనబడుతుందమ్మా," అన్నాను. "ఇప్పుడు అన్నీ రంగుల్లోనే తీస్తున్నాను."